నేటాల్ ఓడ జాబితాల్లో చిత్తూరు సీమ: ఆఫ్రికాను చదివే తెలుగు విమర్శలో సాదృశ్యం, సంబంధం

వ్యాససంగ్రహం:

యూరప్ సామ్రాజ్యవాదం ఆఫ్రికా ప్రజలపై సాగించిన దోపిడీని తెలుగు పాఠకలోకం ఎక్కువగా అనువాదాల ద్వారానే తెలుసుకుంది. ఆ అనువాదాలను తెలుగు విమర్శ మన నేలమీది పీడితుల జీవితంతో పోల్చి చదివింది. ఆ పోలిక విలువైనదే. అయితే 1860-1911 మధ్య మద్రాసు రేవు నుండి నేటాల్ చెరకు తోటలకు వెళ్ళిన తెలుగు కూలీల చరిత్ర ఆ పోలికలో ఇమడదు. నేటి చిత్తూరు, తిరుపతి ప్రాంతంలోని పలు తాలూకాలు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లా పేరు కనిపించే ఓడ జాబితాలను ఒక పాఠంగా చదివి, ఆఫ్రికాతో తెలుగువారికి ఉన్నది సాదృశ్యం మాత్రమే కాదని, ప్రత్యక్ష సంబంధమని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నేటాల్, ఉత్తర ఆర్కాటు, గిర్మిట్, జూలూ, ఓడ జాబితా, కూలి, ఏడు తరాలు, అచెబె, ప్రవాసాంధ్రులు.

1. ఉపోద్ఘాతం

ఆఫ్రికా ఖండంలో ఎవరి వాటా ఎంతో తేల్చుకోవడానికి యూరప్ రాజ్యాలు 1884 నవంబరు నుండి 1885 ఫిబ్రవరి వరకు బెర్లిన్‌లో సమావేశమయ్యాయి. ఆ సమావేశంలో ఆఫ్రికా ప్రతినిధి ఒక్కరూ లేరు. చరిత్ర పాఠాల్లోనూ, వలసానంతర సాహిత్యంపై వచ్చే వ్యాసాల్లోనూ ఈ సంగతి తరచు ప్రస్తావనకు వస్తుంది. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే తెలుగువాళ్ళను ఎక్కించుకొని మద్రాసు నుండి డర్బన్‌కు ఓడలు వెళుతున్న సంగతి ఆ వ్యాసాల్లో కనిపించడం అరుదు. ఆఫ్రికా అక్కడ దూరాన ఉన్న బాధాఖండం. దాని బాధ మన బాధ వంటిది. ఈ 'వంటిది' అన్న ఉపమావాచకం దగ్గరే విమర్శ ఆగిపోతోంది.

2. పోలిక సాధించినది, దాచినది

ఆఫ్రికన్ అమెరికన్ రచయిత అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన నవలను సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన ఆ సంక్షిప్తానువాదం నాలుగు దశాబ్దాలుగా చదువరులను సంపాదించుకుంటూనే ఉంది. జఫూరె పల్లెలో పట్టుబడి, ఓడ అడుగున గొలుసులతో అమెరికా చేరిన కుంటా కింటే తెలుగు పాఠకుడికి పరాయివాడు కాలేదు. పేరు లాక్కోవడం, భాష లాక్కోవడం, పుట్టిన బిడ్డ యజమాని సొత్తు కావడం మొదలైనవి చదివినప్పుడు వెట్టి, అంటరానితనం అనుభవించిన కుటుంబాల నుండి వచ్చిన పాఠకులకు తమ ఇంటి చరిత్ర గుర్తుకు వచ్చింది. కెన్యా రచయిత గూగీ వా థియాంగో నిర్బంధంలో ఉండి రాసిన నవలను వరవరరావు తాను జైలులో ఉన్న కాలంలో తెలుగు చేశారు. ఒక జైలు నుండి మరొక జైలుకు సాగిన ఆ ప్రయాణంలోని ఆత్మీయత అనువాద చరిత్రలో అరుదైనది. గూగీ సొంత భాష గికూయులోకి మళ్ళడం మాతృభాషా చర్చల్లో తెలుగువారికి బలమైన ఉదాహరణ అయింది.

ఇవన్నీ నిజమైన లాభాలు. దళిత, విప్లవ సాహిత్య విమర్శలు ఆఫ్రికాను తమ పక్కన నిలుపుకోకపోతే తెలుగులో ఆఫ్రికా సాహిత్యానికి ఈపాటి చోటు కూడా దక్కేది కాదు. అయితే సాదృశ్యానికి ఒక స్వభావం ఉంది. పోల్చేవాడు రెండు వస్తువులను విడివిడిగా నిలిపి చూస్తాడు. ముఖం చంద్రబింబం వంటిదన్నప్పుడు ముఖానికీ చంద్రునికీ లావాదేవీ ఏదీ ఉండదు. తెలుగు పీడితుడూ ఆఫ్రికా పీడితుడూ ఒకరికొకరు అద్దాలుగా నిలబడినప్పుడు వాళ్ళిద్దరినీ ఒకే పొలంలో, ఒకే యజమాని కింద, ఒకరికి వ్యతిరేకంగా మరొకరిని నిలిపిన చరిత్ర అద్దం వెనక ఉండిపోతుంది. పైగా 'ఏడు తరాలు' చదివే తెలుగు పాఠకుడు ఎప్పుడూ కుంటా కింటే స్థానంలోనే కూర్చుంటాడు. ఆఫ్రికా నేలమీదికి మరొక ఓడలో, మరొక హోదాలో దిగిన తెలుగువాడి స్థానంలో కూర్చోవలసిన అవసరం అతనికి ఎదురుకాదు.

3. ఒక జీవితం, ఒక వరుస

ఓడ పేరు ట్రూరో. 1860 అక్టోబరులో మద్రాసులో బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అప్పటినుండి 1911 వరకు మద్రాసు, కలకత్తా రేవుల నుండి నేటాల్‌కు వెళ్ళిన ఒప్పంద కూలీల సంఖ్య 1,52,184. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుండి వెళ్ళినవారే. ఓడ జాబితాల ఆధారంగా సురేంద్ర భాణా 1991లో వెలువరించిన అధ్యయనం మద్రాసు రాష్ట్రం నుండి ఎక్కువమందిని పంపిన ముఖ్య జిల్లాల్లో ఉత్తర ఆర్కాటును చేర్చింది.

ఈ జాబితాలు సాహిత్యం కాదు. వాటిలో గొంతు లేదు, వాక్యం లేదు, క్రియాపదం లేదు. కూలీకి కేటాయించిన సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, శరీరంపై గుర్తులు - అన్నీ గడులే. ఒక మనిషికి ఒక వరుస. పేర్లను గుమాస్తా తన చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో దించుకున్నాడు. కులం గడిలో ఉన్నదంతా యథార్థమని కూడా అనలేం. ఓడ ఎక్కే ముందు కులం మార్చి చెప్పుకున్న సందర్భాలను చరిత్రకారులు గుర్తించారు. పుట్టిన ఊరిలో నోరెత్తలేని మనిషి ఆ ఒక్క గడిలో తనకు తాను ఒక కల్పన రాసుకున్నాడన్నమాట. జాబితా మొత్తంలో కూలీ రచయిత అయిన చోటు బహుశా అదొక్కటే.

జిల్లా గడి దగ్గర చిత్తూరు పరిశోధకుడు ప్రత్యేకంగా ఆగాలి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. నేటాల్‌కు ఒప్పంద కూలీల ఎగుమతి ఆగిపోయింది అదే సంవత్సరం జులై 1న. అంటే జిల్లాగా చిత్తూరుకూ నేటాల్ వలసకూ ఉమ్మడిగా ఉన్న కాలం మూడు నెలలు మాత్రమే. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలూ, కార్వేటినగరం, కాళహస్తి, పుంగనూరు జమీలూ ఉత్తర ఆర్కాటులో ఉండేవి. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. కనుక ఈ ప్రాంతపు మనుషుల కోసం జిల్లా గడిలో వెతకవలసిన పేరు ఆర్కాటు. ఆర్కాటు అనగానే తమిళమని అనుకోవడం నేటి అలవాటు. జిల్లాల హద్దులు మారినప్పుడు పాత కాగితాల్లోని మనుషుల భాష కూడా మారిపోతుందని చెప్పడానికి ఇంతకంటే మంచి నిదర్శనం దొరకదు. (ఉత్తర భారతంలో కూలీలను పోగుచేసే దళారిని 'ఆర్కాటీ' అనేవారు. అది ఆర్కాటు పేరు నుండే పుట్టిందని కొందరూ, 'రిక్రూటర్' అన్న ఇంగ్లీషు మాటకు వికృతి అని మరికొందరూ అంటారు. మొదటిది నిజమైతే ఈ ప్రాంతం పేరు భోజ్‌పురి పల్లెల్లో వంద సంవత్సరాలపాటు భయపెట్టే మాటగా బతికిందన్నమాట.)

ఆ గడులను సాహిత్య విమర్శకుడు ఎలా చదవాలన్న ప్రశ్నకు దారి చూపగలిగిన ఆఫ్రికా రచన ఒకటి ఉంది. చినువా అచెబె 1958లో ప్రచురించిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' నవల చివర కథానాయకుడు ఒకోంక్వో ఉరివేసుకొని చనిపోతాడు. జిల్లా కమిషనర్ ఆ శవాన్ని చూసి వెళుతూ, తాను రాయబోయే గ్రంథంలో ఈ మనిషికి ఎంత చోటు ఇవ్వవచ్చునో లెక్క వేసుకుంటాడు. ఒక అధ్యాయం కాకపోయినా ఒక పేరా ఇవ్వవచ్చునని అతనికి తోస్తుంది. నవల అంతా నడిచిన జీవితం ఆ పేరాలోకి కుంచించుకుపోబోతోందని పాఠకుడికి తెలుసు, కమిషనర్‌కు తెలియదు. అచెబె కల్పించిన ఆ గ్రంథం వంటివి ఈ ప్రాంతానికి నిజంగానే ఉన్నాయి. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి ఆర్థర్ కాక్స్ 1881లో ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్‌ను వెలువరించాడు. స్థానిక చరిత్రకు అది నేటికీ పనికివచ్చే ఆధారమే. అయినా అచెబె నవల చదివినవాడు ఆ మాన్యువల్‌ను మునుపటిలా చదవలేడు. కమిషనర్ పేరా ఇవ్వదలచుకున్నాడు, ఓడ గుమాస్తా వరుస ఇచ్చాడు. నేటాల్ తోటల్లో ఆత్మహత్యలు ఎక్కువగా ఉన్నాయని ఆనాటి అధికారిక నివేదికలే ఒప్పుకున్నాయి. ఒకోంక్వో వంటి మరణాలు అక్కడ వార్షిక పట్టికలో అంకెలయ్యాయి.

4. జూలూ రైతు కాదన్నందువల్ల

పోలికకు అతీతమైన సంబంధం ఈ చోట బయటపడుతుంది. ఆఫ్రికా నేలమీద, ఆఫ్రికా ప్రజల మధ్య చెరకు పండించడానికి సముద్రం అవతలి నుండి కూలీలను తేవలసిన అవసరం ఎందుకు కలిగింది?

బ్రిటన్ నేటాల్‌ను 1843లో తన రాజ్యంలో కలుపుకుంది. 1849లో గుడిసెకు 7 షిల్లింగుల పన్ను వేసింది. డబ్బు రూపంలో పన్ను కట్టవలసి వస్తే జూలూలు తోటల్లో పనికి వస్తారని పాలకుల అంచనా. అంచనా వెంటనే ఫలించలేదు. జూలూ కుటుంబానికి ఇంకా భూమి ఉంది, పశువులు ఉన్నాయి. ధాన్యమో పశువో అమ్మి పన్ను కట్టగలిగారు. దక్షిణాఫ్రికా రైతాంగపు ఉత్థానపతనాలపై కాలిన్ బండీ 1979లో ప్రచురించిన గ్రంథం ఈ దశలో ఆఫ్రికన్ రైతులు చూపిన చొరవను వివరంగా నమోదు చేసింది. తోట యజమాని ఇచ్చే కూలికి, అతను చెప్పినంత కాలం కట్టుబడి ఉండడానికి జూలూ రైతు ఒప్పుకోలేదు. తోటల యజమానులు దాన్ని సోమరితనమన్నారు. నిజానికి అది నిరాకరణ. ఆ నిరాకరణను దాటవేయడానికే నేటాల్ ప్రభుత్వం 1859లో చట్టం చేసి భారతదేశం వైపు చూసింది. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయి అప్పటికి పాతికేళ్ళు. మారిషస్‌లో ఒప్పంద కూలీ పద్ధతి అప్పటికే నడుస్తోంది.

చెరకు చిత్తూరు ప్రాంతానికి కొత్త పంట కాదు. గానుగ, బెల్లం ఇక్కడి పల్లెబతుకులో భాగం. కాని సొంత కయ్యలో చెరకు నాటుకోవడం వేరు, అయిదేళ్ళ ఒప్పందంపై పరాయి తోటలో నరకడం వేరు. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఆపైన ఏడాదికొక షిల్లింగు పెంపు. అనుమతి లేనిదే తోట దాటకూడదు. ఒప్పందం మీరితే అది జైలుశిక్షకు తగిన నేరం. ఇటు 1804-05లో చిత్తూరు పాలెగాళ్ళ తిరుగుబాటును కంపెనీ సైన్యం అణచివేసింది. ఆపైన శిస్తు, అప్పు, 1876-78లో సీమ ఇప్పటికీ ధాత కరువుగా చెప్పుకునే ఘోరక్షామం. కరువు ఒక్కటే మనుషులను ఓడ ఎక్కించిందని అనడం సరికాదు. దళారుల మోసం ఉంది, కులహింస నుండి పారిపోవడం ఉంది, కొందరికి సాహసం కూడా ఉండి ఉంటుంది. అశ్విన్ దేశాయ్, గూలమ్ వహేద్ 2007లో ప్రచురించిన 'ఇన్‌సైడ్ ఇండెంచర్' గ్రంథం కూలీలను కేవలం బాధితులుగా చూడరాదని గట్టిగా చెబుతుంది. ఆ మాట అంగీకరించదగినది. అలా అంగీకరించినప్పుడే అసలు చిక్కు ఎదురవుతుంది. చొరవ ఉన్న మనిషికి చరిత్రలో స్థానం ఉంటుంది, ఆ స్థానం ఎప్పుడూ నిర్దోషంగా ఉండదు.

జూలూ రైతు కాదన్న పనిని ఉత్తర ఆర్కాటు కూలీ చేశాడు. అతను చేయడం వల్ల జూలూ రైతు నిరాకరణకు ఉన్న బలం తగ్గింది. ఇది కూలీ ఎరిగి చేసిన ద్రోహం కాదు. జూలూ అనేవాడు ఒకడున్నాడని మద్రాసు డిపోలో అతనికి ఎవరూ చెప్పి ఉండరు. అయినా ఫలితం ఫలితమే. 1870 నాటి చట్టం ఒకటి, తిరుగు ప్రయాణం వదులుకున్న కూలీకి బదులుగా ప్రభుత్వ భూమి ఇవ్వవచ్చునన్నది. దాని ప్రయోజనం పొందినవారు కొద్దిమందే. 1891లో ఆ అవకాశాన్నే తీసేశారు. కాని 'ప్రభుత్వ భూమి' అన్న మాట దగ్గర ఆగి, ప్రభుత్వానికి ఆ భూమి ఎక్కడిదని అడిగితే, కూలీ కల కన్న సొంత చెక్క కూడా మరొకరి నుండి లాక్కున్నదేనని తేలుతుంది.

'కొత్త రకం బానిసత్వం' అన్న పేరు ఒప్పంద కూలీ పద్ధతికి హ్యూ టింకర్ 1974 నాటి గ్రంథంతో స్థిరపడింది. తెలుగులో ఈ పేరును ఆధారం చేసుకొని కుంటా కింటేనూ నేటాల్ కూలీనీ ఒకే వరుసలో నిలపడం తేలిక. అది జాగ్రత్తగా చేయవలసిన పని. కూలీకి గడువు ఉంది, కూలి ఉంది, ఎంత ఉల్లంఘించినా కాగితంపై తిరుగు ప్రయాణపు హక్కు ఉంది. కుంటా కింటే మనుమలకు అవేవీ లేవు. తేడా చెప్పడం వల్ల కూలీ బాధ చిన్నది కాదు, బానిస బాధ పలచబడకుండా ఉంటుంది.

పన్నుల చరిత్ర ఈ సంబంధాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ఒప్పందం ముగిసినా ఊరికి వెళ్ళక, తిరిగి ఒప్పందంలోకీ రాక, స్వతంత్రంగా బతకదలచిన భారతీయుడిపై నేటాల్ ప్రభుత్వం 1895 చట్టంతో ఏడాదికి 3 పౌన్ల పన్ను వేసింది. మొదటి ఏడు కూలి లెక్కన అది ఆరు నెలల సంపాదన. 1905లో ఆఫ్రికన్లపై తలకు 1 పౌను పన్ను వేసింది. రెండు పన్నుల ధ్యేయం ఒకటే: స్వతంత్రంగా బతకగల మనిషిని తిరిగి యజమాని గుమ్మం ముందుకు తేవడం. 3 పౌన్ల పన్నుపై 1913లో జరిగిన సమ్మె, 1914లో దాని రద్దు సత్యాగ్రహ చరిత్రలో భాగమై తెలుగు పాఠకుడికి చేరాయి. 1 పౌను పన్నుపై 1906లో బంబాత నాయకత్వాన సాగిన జూలూ తిరుగుబాటులో మూడువేలకు పైగా ఆఫ్రికన్లు హతులయ్యారు. అది తెలుగులో గాంధీ ఆత్మకథలోని ఒక అధ్యాయంగానే చేరింది. ఆ అధ్యాయంలో గాంధీ స్వరం కలతతో ఉంటుంది. జూలూలు భారతీయులకు ఏ హానీ చేయలేదని, అది తిరుగుబాటేనా అన్న సందేహం తనకు కలిగిందని ఆయన ఒప్పుకున్నారు. అయినా సామ్రాజ్యం లోకహితానికే ఉందన్న నమ్మకంతో ప్రభుత్వం పక్షాన స్ట్రెచర్లు మోసే దళాన్ని నడిపారు. గాయపడిన జూలూలకు సేవ చేయడమే ఆ దళానికి దక్కిన పని. ఆత్మకథను శీలపరిణామ గ్రంథంగా చదవడానికి అలవాటుపడిన తెలుగు విమర్శకు ఈ అధ్యాయం బ్రహ్మచర్య నిర్ణయానికి పూర్వరంగం. దెబ్బలు తిన్న జూలూల శరీరాలు అందులో పాఠకుడి కళ్ళముందే ఉన్నాయి, వాటి మీదుగా చూపు దాటిపోయింది.

5. కూలి, సామి

తెలుగులో 'కూలి' తలవంచుకోవలసిన మాట కాదు. అది చేసిన పనికి దక్కే ప్రతిఫలం. కూలినాలి చేసుకొని పిల్లలను చదివించానని చెప్పేవారి గొంతులో గర్వం ఉంటుంది. ధాత కరువులో, 1877 తొలి నెలల్లో, కరువు పనులకు వచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని రిచర్డ్ టెంపుల్ నిర్ణయించినప్పుడు ఆ మాటలోని ప్రతిఫలం సగం చచ్చిపోయింది. నేటాల్‌లో మిగిలినదీ పోయింది. అక్కడ కూలీ అంటే భారతీయుడు. వర్తకుడైనా కూలీయే, వకీలైనా 'కూలీ బారిస్టరే'. గాంధీ మరొక మాట కూడా నమోదు చేశారు. దక్షిణాది పేర్ల చివర వినిపించే 'సామి'ని తెల్లవాళ్ళు తిట్టుగా వాడేవారు. తిరుపతి వీధుల్లో పూలమ్మే మనిషి నుండి దేవుడి దాకా అందరినీ గౌరవంగా పిలిచే మాట అది.

ఈ అవమానం గురించి రాయడం తేలిక, రాయవలసినది కూడా. దానితోపాటు మరొకటి రాయాలి. తమను కూలీ అన్నందుకు నొచ్చుకున్న భారతీయుల్లో చాలామంది ఆఫ్రికన్లను 'కాఫిర్' అన్నారు. గాంధీ తొలినాళ్ళ రాతల్లోనూ ఆ మాట ఉంది. తెల్లవాడి నిఘంటువులో తమకున్న పేజీని చింపబోయినవారు పక్క పేజీని అలాగే ఉంచారు.

6. అచ్చులో లేని రెండు భాషలు

'ఇండియన్ ఒపీనియన్' పత్రిక 1903లో డర్బన్‌లో మొదలైంది. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం దాని నాలుగు భాషలు. తెలుగు లేదు. ట్రూరో నాటి నుండి నేటాల్‌లో తెలుగు మాట్లాడేవారు ఉన్నా పత్రికలో వారి భాషకు చోటు దొరకలేదు. దీనికి ఆర్థిక కారణాలు ఉండవచ్చు, అక్షరాస్యుల కొరత ఉండవచ్చు, మద్రాసీలంటే తమిళులేనన్న భావన కూడా ఉండవచ్చు. పత్రికలో లేని మరొక భాష జూలూ. 1904లో పత్రిక ఫీనిక్స్ ఆశ్రమానికి మారింది. దానికి పొరుగునే ఇనాండాలో జాన్ డూబే స్థాపించిన ఒహ్లాంగె విద్యాసంస్థ ఉంది. డూబే 1903లోనే జూలూ, ఇంగ్లీషు భాషల్లో 'ఇలాంగా లసె నటాల్' పత్రిక ప్రారంభించారు. ఒకే సంవత్సరంలో పుట్టిన రెండు పత్రికలు, దాదాపు ఒకే నేలలో. వాటిలో ఒకదానిలో జూలూ ఉంది, తెలుగు మాత్రం రెండింటిలోనూ లేదు.

ఇక్కడి తెలుగు విమర్శకు ఇది కేవలం చారిత్రక వివరం కాదు. గూగీని ఉటంకిస్తూ మాతృభాషను నిలబెట్టుకోవాలని చెప్పే వ్యాసాలు, ఆఫ్రికా నేలమీదే తెలుగు ఎలా బతికిందో చూడకుండా సాగుతున్నాయి. దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ ఏర్పడింది 1931లో, అంటే ట్రూరో చేరిన 71 ఏళ్ళకు. ఈ మధ్యకాలంలో తెలుగు వంటింటిలో, రామభజనలో, పెళ్ళిపాటలో బతికింది. నాయుడు, రెడ్డి వంటి గౌరవవాచకాలు ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి. నేటికి చాలా కుటుంబాల్లో తెలుగుగా మిగిలింది ఆ పేరే. గూగీ చెప్పిన భాషాహరణానికి తెలుగు ఉదాహరణ కావాలంటే ఇంగ్లీషు మీడియం బడికంటే ముందు ఈ కుటుంబాలున్నాయి. అయితే వారి పొరుగున ఉండి తన భాషను అచ్చులో, కవిత్వంలో నిలబెట్టుకున్న జూలూ కవి కూడా ఉన్నాడు. బెనెడిక్ట్ విలాకాజీ 1906లో, బంబాత తిరుగుబాటు జరిగిన ఏడాదే, నేటాల్ తీరంలోని గ్రౌట్‌విల్‌లో పుట్టాడు. 1945లో వెలువడిన అతని సంపుటిలో గనికార్మికుల బతుకుపై జూలూలో రాసిన దీర్ఘకవిత ఉంది. ఆఫ్రికా కవిత్వం అనగానే ఇంగ్లీషులో, ఫ్రెంచిలో రాసినవారివైపే మళ్ళే తెలుగు పాఠ్యక్రమాలకు విలాకాజీ ఇంకా అందలేదు.

7. 1949

సామ్రాజ్యం పక్కపక్కన నిలిపిన ఇద్దరు మనుషుల మధ్య ఏం మిగిలిందో 1949 జనవరిలో డర్బన్ వీధుల్లో కనిపించింది. భారతీయ దుకాణదారుడు ఒకడు ఆఫ్రికన్ బాలుడిని కొట్టడంతో మొదలైన అల్లర్లలో 142 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆఫ్రికన్లు. ఇళ్ళు, దుకాణాలు తగలబడ్డ భారతీయులు వేలల్లో ఉన్నారు. అంతకు రెండేళ్ళ ముందే, 1947 మార్చిలో, డాక్టర్ జూమా, డాక్టర్ నాయికర్, డాక్టర్ దాదూ ఆఫ్రికన్, భారతీయ కాంగ్రెసుల ఉమ్మడి పోరాటానికి ఒప్పందం చేసుకున్నారు. ఐక్యత కాగితంపై ఉంది. అద్దె, బస్సు చార్జీ, దుకాణంలో అరువు మాత్రం రోజూ ఎదురయ్యే సంగతులు. తెల్లవాడు ఊరి అవతల ఉన్నాడు, ఎదురుగా ఉన్నది దుకాణదారుడు.

తెలుగు విమర్శ 1949ని తన చర్చలోకి తీసుకోకపోవడానికి కారణం అజ్ఞానం అనలేం. పోలిక మీద నిలిచిన సంఘీభావానికి అది ఇబ్బందికరమైన సంవత్సరం. మనమూ వాళ్ళూ ఒకటే అన్న వాక్యం అక్కడ తెగిపోతుంది. రానీ గోవెండర్ 1996లో ప్రచురించిన కేటో మానర్ కథలు ఆ తెగిన చోటు నుండే మాట్లాడతాయి. కేటో మానర్ భారతీయులూ ఆఫ్రికన్లూ ఇరుగుపొరుగుగా బతికిన డర్బన్ పేట. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం అమలులో దాన్ని ఖాళీ చేయించారు. గోవెండర్ ఆ పేటను మాట్లాడే ఇంగ్లీషుతో, తగాదాలతో, వంటల వాసనలతో నిలబెట్టాడు. అక్కడ ఐక్యత సిద్ధాంతం కాదు, గోడ అవతలి మనిషి. కోపమూ అతని మీదే, ఆసరా కూడా అతనిదే. సీమ వలసకథ అనగానే బెంగళూరు, కువైట్ గుర్తుకు వచ్చే విమర్శ ఈ కథలను కూడా తన పరిధిలోకి తెచ్చుకుంటే, వలస వెళ్ళినవాడు వెళ్ళిన చోట ఎవరి పక్కన, ఎవరి భూమిలో నిలిచాడన్న ప్రశ్న కువైట్ కథలకు కూడా వర్తిస్తుంది.

నేటాల్ ఓడ జాబితాలు డర్బన్‌లోని గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్‌లో ఉన్నాయి. వాటిపై ఇప్పటివరకు ఎక్కువగా పనిచేసినవారు చరిత్రకారులు. ఊరి పేరు గడిలో ఇంగ్లీషు గుమాస్తా రాసిన అక్షరాల వెనక పల్లె ఉందో, పల్లి ఉందో, పాళెం ఉందో, పట్టి ఉందో, అది చంద్రగిరి తాలూకాదో పోలూరు తాలూకాదో విడదీయగలిగినవారు తిరుపతి, చిత్తూరు పరిసరాల్లోనే ఉన్నారు. స్థలనామ పరిశోధన తెలుగు శాఖలకు కొత్త కాదు. ఊరు తేలితే భాష తేలుతుంది, ఆర్కాటు అన్న ఒక్క మాట కింద కలిసిపోయిన తెలుగువాళ్ళు బయటికి వస్తారు. అదే మనిషి ఏ యజమానికి కేటాయింపబడ్డాడో కూడా ఆ కాగితాల్లో దొరుకుతుంది. యజమాని పేరుతో తోటను గుర్తించవచ్చు. ఆ తోట వేయకముందు అక్కడ ఎవరి గుడిసెలు ఉండేవో, ఎవరి పశువులు మేసేవో జూలూ ఆధారాల్లో వెతకడం ఆ తర్వాతి పని.